జరకీ జరుగుకీ చుట్టరికం లేదు

సాయంత్రం ఆరు దాటాక మెహదీపట్నంలో ఏ సిటీ బస్సు ఎక్కినా వినపడే మాట ఒకటుంది: "జర జరుగన్నా." రెండు మాటలూ ఒకేలా మొదలవుతాయి. ఒకటి ఇంకోదాన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినట్టుంటుంది. కొంచెంగా జరగడమే "జర" కాబోలని ఎవరైనా అనుకుంటే తప్పు పట్టడానికి లేదు, చెవికి అలాగే తోస్తుంది మరి. కానీ ఈ రెంటికీ ఏ చుట్టరికమూ లేదు. "జర" ఉర్దూ "జరా". దాని పుట్టిల్లు అరబీలోని "జర్రా". అక్కడ ఆ మాటకు అణువు, ధూళికణం అని అర్థం. "జరుగు" మాత్రం ద్రావిడ కుటుంబంలోది. కన్నడంలోనూ ఇదే రూపంలో ఉంది, "జారు" దానికి దగ్గరి బంధువు. అంటే బస్సులో ఆ పెద్దాయన అడిగేది, మూలార్థాలు పట్టుకుని చెప్పాలంటే, ఒక్క అణువంత పక్కకు కదలమని. ఆ రద్దీలో అంతకు మించి కదలడం కుదరదు కూడా.

మాటల పుట్టుక వెతికే పని సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది, చెవి చెప్పినదాన్ని నమ్మకపోవడం దగ్గర. హైదరాబాద్ లాంటి ఊళ్లో ఈ జాగ్రత్త మరీ అవసరం. తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడ, ఫార్సీ, ఇంగ్లీషు నాలుగు వందల ఏళ్లుగా ఒకే బజారులో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ తిరిగిన ఊరు ఇది. దక్కనీలో వద్దనడానికి వాడే "నక్కో" మరాఠీ "నకో" నుంచి వచ్చింది. ఇన్ని భాషలు కలిసినచోట ఒకేలా వినపడే మాటలు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి. దొరికిన ప్రతి జతకీ ముడివేసుకుంటూ పోతే ఎంత దూరమైనా పోవచ్చు. రోజూ ఫోన్లకు వచ్చిపడే "ప్రపంచ భాషలన్నీ ఫలానా భాష నుంచే పుట్టాయి" రకం సందేశాల్లో జరిగేది అదే.

మరి ఏది చుట్టరికం, ఏది కాకతాళీయం అని తేల్చేదెలా? దీనికి "బద్నాం" కన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం. తెలంగాణలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన మాట. ఫార్సీలో "బద్" అంటే చెడ్డ, "నామ్" అంటే పేరు. ఇంగ్లీషులో చెడ్డకు "బ్యాడ్", పేరుకు "నేమ్". రెండు ముక్కలూ రెండు ముక్కలతో అతికినట్టు సరిపోయాయి. ఫార్సీ, ఇంగ్లీషు రెండూ ఇండో-యూరోపియన్ కుటుంబంలోవే కాబట్టి అనుమానం కూడా రాదు. అయినా ఇందులో సగమే నిజం. "నామ్", "నేమ్" నిజంగానే ఒకే తల్లి బిడ్డలు. సంస్కృతంలో "నామన్", లాటిన్‌లో "నోమెన్", పాత ఇంగ్లీషులో "నమ". ఎంత వెనక్కి వెళితే అంత దగ్గరపడతాయి. "బద్" సంగతి అలా కాదు. ఇప్పటి ఫార్సీకి ముందుతరమైన మధ్య పారశీకంలో అది "వద్". ఇంగ్లీషు "బ్యాడ్"కు పాత రూపం "బాడ్డె". వెనక్కి వెళ్లేకొద్దీ రెండూ దూరం జరుగుతున్నాయి. ఇవాళ ఒకేలా ఉన్నది దారిలో ఎదురుపడ్డ ఇద్దరు అపరిచితుల చొక్కాల రంగు కలిసినట్టు, అంతే.

ఈ శాస్త్రంలో అన్నిటికన్నా గట్టి పరీక్ష ఇదే. మాటను ఇవాళ్టి రూపంలో తూచకూడదు, దొరికినంత పాత రూపంలో తూచాలి. పాత రూపం ఎక్కడా రాసి లేకపోతే దాయాది భాషలను పక్కపక్కన పెట్టి చూడాలి.

మాసాబ్ ట్యాంక్ దగ్గర ఆగితే ఈ రెండో పని ఎలా ఉంటుందో తెలుస్తుంది. పేరులో ట్యాంక్ ఉంది గానీ చెరువు లేదు. ఒకప్పుడు ఉండేది. కుతుబ్‌షాహీల ఇంటి పెద్దావిడ పేరుమీద దాన్ని "మా సాహెబా తలాబ్" అనేవారు. "మా సాహెబా" నోళ్లలో నలిగి "మాసాబ్" అయింది. "తలాబ్" స్థానంలోకి ఇంగ్లీషు ట్యాంక్ వచ్చింది. ఆ ట్యాంక్ కూడా సిసలైన ఇంగ్లీషు మాటేం కాదు. మనదేశంలో వాళ్లు విన్న గుజరాతీ "టాంకీ", పోర్చుగీసు "టాంకె" రెండూ దాని వెనక కనిపిస్తాయి. ఇన్ని మాటలు మారినా తెలుగువాళ్లు ఇంట్లో అనుకునేది మాత్రం "చెరువు". కన్నడంలో దాన్ని "కెఱె" అంటారు.

చెరువు, కెఱె. మొదటి అక్షరమే వేరైనప్పుడు ఇవి ఒకటేనని ఎలా అంటారు? ఒక్క జతను చూసి ఎవరూ అనరు. తెలుగు చెవి కన్నడంలో కివి. చేయి అక్కడ కై. చెడు అక్కడ కెడు. చిరు అక్కడ కిరు. ఇ, ఎ లాంటి అచ్చులు వెంట ఉన్నప్పుడు కన్నడంలో "క" ఉన్నచోటల్లా తెలుగులో "చ" వరస తప్పకుండా వస్తోంది. పళ్ల వెనక్కి నాలుకను లాగే ఆ అచ్చుల ప్రభావంతో "క" కాస్తా "చ"గా మారిందన్నమాట. దీన్ని తాలవ్యీకరణం అంటారు. పోలిక కన్నా ఈ క్రమబద్ధమైన తేడాయే గట్టి సాక్ష్యం. పాలు-హాలు, పులి-హులి, పేరు-హెసరు, పోవు-హోగు జతల్లో కన్నడం "ప"ను "హ"గా మార్చుకుంది. కోడి, ఏడు, నీడ, కూడు మాటల్లో తెలుగు "డ" పలికినచోట తమిళం ఒక ప్రత్యేకమైన "ళ" పలుకుతుంది. "తమిళ్" అన్న పేరు చివర వాళ్లు పలికేదీ ఆ ధ్వనే.

నియమం తెలిశాక దాన్ని తప్పించుకున్న మాటలు ఇంకా ఆసక్తిగా కనిపిస్తాయి. ఎరుపు అనే అర్థమున్న ఒక పాత ధాతువు నుంచి తెలుగులో చెంగలువ వచ్చింది. చెంబు కూడా అక్కడిదే. తమిళంలో "సెంబు" అంటే రాగి, అంటే ఎర్ర లోహం. రాగి పాత్రకు పెట్టిన పేరు పాత్రకే స్థిరపడి, రాగి పోయి స్టీలు వచ్చినా చెంబు చెంబుగానే ఉండిపోయింది. కెంపు కూడా అదే ధాతువుకు పుట్టింది, ఎర్రరాయి. కానీ అది "చెంపు" కాలేదు. తెలుగులో క-చ మార్పు జరిగిపోయాక కన్నడం నుంచి ఎరువు వచ్చిన మాట కాబట్టే అలా మిగిలిందని భాషావేత్తలు లెక్క వేస్తారు. నగల దుకాణంలో కెంపుల హారం పక్కన చెంబు పెడితే ఎవరూ అక్కాచెల్లెళ్లని పోల్చలేరు గానీ, ఉన్నమాట అది.

తెలుగు చేసిన ఇంకో విచిత్రం ఉంది. తమిళంలో "ఇరండు", తెలుగులో "రెండు". తమిళంలో "ఉరల్", మనకు "రోలు". వాళ్ల "అవన్" మన "వాడు". వాళ్ల "మరం" మన పాత పుస్తకాల్లో "మ్రాను", ఇప్పుడు "మాను". మాట మొదట్లో ఉన్న అచ్చు, దాని వెనక హల్లు చోట్లు మార్చుకున్నాయి. దీన్ని వర్ణవ్యత్యయం అంటారు. ఈ మార్పు వల్లే పాత తెలుగులో మాట మొదట్లో మ్ర, ప్ర, క్ర లాంటి జంట హల్లులు పుట్టాయి. తర్వాతి కాలంలో ఆ రేఫ జారిపోయింది. క్రొత్త కొత్త అయింది, ప్రొద్దు పొద్దు అయింది, గ్రుడ్డు గుడ్డు అయింది. "కొత్త" అంటే మోటు, "క్రొత్త" అంటే శుద్ధం అనుకునే అలవాటు కొందరిలో ఇంకా ఉంది. అది శుద్ధాశుద్ధాల గొడవ కాదు, వయసు తేడా.

ఈ ఆలోచనకు తొలి బీజం పడింది మద్రాసులో. ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో అచ్చయిన క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో, తెలుగు, తమిళ, కన్నడాలు సంస్కృతం నుంచి పుట్టలేదని, వాటిది వేరే కుటుంబమని పదాల పట్టికలు పెట్టి చూపాడు. కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం 1856లో వచ్చింది. ఇద్దరూ తెల్లదొరలే. వాళ్ల పేర్ల వెనక ధాతువులు, ఉదాహరణలు అందించిన దేశీయ పండితుల పేర్లు చాలావరకు వెలుగులోకి రాలేదు, అది వేరే కథ. తెలుగు వైపు నుంచి ఈ పనిని చివరిదాకా తీసుకెళ్లిన పేరు భద్రిరాజు కృష్ణమూర్తిది. తెలుగు క్రియాధాతువుల మీద ఆయన పుస్తకం 1961లో వచ్చింది. పైన చెప్పిన అచ్చు-హల్లుల చోటు మార్పుకు తీరైన నియమాలు కట్టింది అందులోనే. మరుసటి ఏడాది ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖకు అధ్యక్షుడయ్యారు. తర్వాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం తెలుగు ధాతువుల పరిశోధనకు ఠికానా అవడం హైదరాబాద్‌కు తగిన సంగతే. ఆ "ఠికానా" కూడా ఉర్దూ దారిలో వచ్చిందే.

అదే 1961లో బరో, ఎమెనో కలిసి కూర్చిన ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువు వెలువడింది. 1984 నాటి రెండో కూర్పులో దాదాపు 5,500 పద కుటుంబాలు ఉన్నాయి. ఒక్కో కుటుంబం కింద తమిళం, మలయాళం, కన్నడం, తెలుగు మొదలుకుని గోండీ, కువి, కొలామీ, బ్రాహూయీ దాకా దొరికిన రూపాలన్నీ వరసగా ఉంటాయి. ఆదిలాబాద్ అడవి పల్లెలో ఒక కొలాం ముసలమ్మ నోట వచ్చిన మాట తమిళ సంగం కవిత్వంలోని మాట పక్కన, అదే వరసలో, సమాన హోదాతో కూచుంటుంది. రాతలో ఉన్న భాషకు ఎక్కువ, నోట ఉన్న భాషకు తక్కువ అన్న లెక్క ఈ పనిలో చెల్లదు. ఒక్కోసారి పాత ధ్వని పల్లెలోనే పదిలంగా దొరుకుతుంది.

ఇదంతా ఇంటి మాటల సంగతి. ఎరువు మాటల దగ్గరికొస్తే ధ్వని నియమాలు ఒక్కటే చాలవు, తేదీలూ దారులూ కావాలి. అక్కడ భాషావేత్త కొంచెం పోలీసులా, కొంచెం సుంకం గుమాస్తాలా మారిపోతాడు. ఎప్పుడొచ్చావు, ఏ దారిన వచ్చావు, ఎవరు తెచ్చారు?

ఎర్రగడ్డ రైతుబజారు అందుకు మంచి చోటు. రాయలసీమ నుంచి కొత్తగా వచ్చినవాళ్లకు ఆ పేరే నవ్వు తెప్పిస్తుంది, అక్కడ ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయ. లోపలికి వెళితే ఉల్లిగడ్డ, ఆలుగడ్డ అని అరుస్తుంటారు. కోస్తావాళ్లు ఆ రెండోదాన్ని బంగాళదుంప అంటారు. బెంగాల్ వైపు నుంచి వచ్చిందని పేరే చెప్పేస్తోంది. మిరపకాయ మాత్రం గుట్టుగా ఉంటుంది. పూర్తి తెలుగు మాట, కాయ అని తోక కూడా ఉంది. కానీ మొక్క అమెరికా ఖండానిది. పోర్చుగీసువాళ్ల ఓడలతో 16వ శతాబ్దంలో మన తీరానికి చేరింది. కొత్తగా వచ్చిన కారపు కాయను చూసి జనం అప్పటికే తెలిసిన కారం పేరు, మిరియం పేరు, దానికి తగిలించారు. తమిళంలో మిళగు నుంచి మిళగాయ్ అయినట్టే మనకు మిరియాల బంధువు మిరప అయింది. మాట పాతది, వస్తువు కొత్తది. ఆవకాయ తెలుగువాడికి ఆదినుంచీ ఉందని నమ్మేవాళ్లకు ఇది కాస్త మింగుడుపడదు. నన్నయ విస్తట్లో మిరపకాయ లేదు.

వంకాయ ప్రయాణం ఇంతకు తలకిందులు. వంగ, కాయ కలిసి వంకాయ. కన్నడ బదనె, తమిళ వళుదుణైలతో కలిపి దీన్ని ఒక పాత ద్రావిడ మాటకు చేరుస్తారు. ఆ మాటే సంస్కృతంలో వాతింగణ అయిందని, అక్కడి నుంచి ఫార్సీకి బాదింగాన్‌గా, అరబీకి బాదింజాన్‌గా వెళ్లిందని పండితులు చూపే దారి. అరబ్బులు దాన్ని స్పెయిన్, పోర్చుగల్ చేర్చారు. పోర్చుగీసువాళ్లు దాన్ని బెరింజెలా అన్నారు. వాళ్లు ఇండియా వచ్చాక ఆ మాట ఇంగ్లీషు నోట బ్రింజాల్ అయింది. పాతబస్తీ పెళ్లి విందులో బగారా బైంగన్ వడ్డిస్తూ పక్కన ఉన్న తెలుగు మిత్రుడికి "గుత్తివంకాయ లాంటిదే" అని చెబితే, వంట సంగతి ఎలా ఉన్నా మాట విషయంలో అది అక్షరాలా నిజం. మెనూకార్డులో బ్రింజాల్ కర్రీ అని ఉంటే ముగ్గురు బంధువులూ ఒకే బల్ల మీద కలిసినట్టు.

కర్రీ అనగానే కరివేపాకు గుర్తొస్తుంది. ఇంగ్లీషులో కర్రీ లీఫ్ అంటారు కాబట్టి మన కరివేపాకులోని కరి కూడా ఆ కూరే అనుకోవడం మామూలే. ఇక్కడ "కరి" అంటే నలుపు. నల్ల వేప ఆకు. తమిళంలోనూ కరువేప్పిలై, నల్ల వేప ఆకే. మళ్లీ చెవి మోసం. అలాగే తేనీరు. వినగానే తేనె గుర్తొస్తుంది, పాత్రికేయులు దాన్ని కవితాత్మకంగా వాడటానికి సగం కారణం అదే. కానీ అందులో ఉన్నది తేయాకులోని "తే", చైనా తీరప్రాంతపు మాట. డచ్చివాళ్ల ఓడలెక్కి యూరప్ వెళ్లి టీ అయింది. అదే ఆకు నేలదారిన ఉత్తర చైనా మాటతో ఇరాన్ మీదుగా వచ్చి చాయ్ అయింది. ఒక మనిషి పొద్దున ఆఫీసులో టీ తాగి, సాయంత్రం ఇరానీ హోటల్లో చాయ్ తాగితే, ఓడదారినీ ఒంటెల దారినీ ఒకే రోజు చూసినట్టు లెక్క.

ఇక బోర్డు మీది పేరు. 1999లో ఈ బజార్లు మొదలైనప్పుడు "రైతుబజార్" అచ్చమైన పల్లె వాసన వేసింది. బజారు ఫార్సీ. రైతు అరబీ. "రఇయ్యత్" అంటే మొదట మేత మేసే మంద, కాపరి కాపాడే పశువులు. తర్వాత పాలకుడి నీడలో ఉండే ప్రజ. మొగలాయీ రెవెన్యూ కాగితాల్లో పన్ను కట్టి సాగు చేసేవాడు. తెలుగుకు వచ్చేసరికి ఆ చివరి అర్థమే మిగిలింది. మంద అనే అవమానం దారిలో ఎక్కడో రాలిపోయింది. ఇవాళ ప్రభుత్వ పథకం పేరు పెట్టాలంటే రైతు అన్న మాట కావాలి, 2018లో రైతుబంధు అనే పెట్టారు. అరబీ మాటకు సంస్కృతపు మాట తోడైతే ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించలేదు. ఆ రైతు చేసే వ్యవసాయం సంస్కృతమే గానీ, సంస్కృతంలో దాని అర్థం ప్రయత్నం, పట్టుదల. సేద్యం అన్న అర్థం తెలుగులో స్థిరపడింది. ఉద్యోగం కూడా అంతే, అక్కడ పూనిక, ఇక్కడ నెలజీతం. ఉపన్యాసం హిందీలో నవల, మనకు ప్రసంగం. తత్సమం అని వ్యాకరణం ముద్ర వేసినంత మాత్రాన మాట మారలేదని కాదు. రూపం అలాగే ఉండి లోపలి మనిషి మారిపోతాడు. అచ్చ తెలుగు మాటలకూ ఈ గతి తప్పదు. కంపు ఒకప్పుడు మంచి వాసన. కన్నడంలో ఇప్పటికీ పరిమళమే. మూసీ ఒడ్డున నిలబడి ఆ అర్థం ఊహించుకోవడం కొంచెం కష్టం.

అర్థం తెలియని పేరు కనపడితే జనం ఊరుకోరు, అర్థం తయారుచేస్తారు. దీన్నే లోకనిరుక్తి అంటారు. నగరంలో దీనికి తిరుగులేని ఉదాహరణ మూసారాంబాగ్. రెండో నిజాం కొలువులో ఫ్రెంచి సేనాని మిషెల్ రేమాన్ ఉండేవాడు. 1798లో ఇక్కడే చనిపోయాడు, ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద సమాధి ఉంది. ఫ్రెంచిలో ఆయన్ను పిలిచేది "మొస్యూ రేమాన్" అని. ఆ పలుకు ఇక్కడి నోళ్లలో పడి, హిందువులకు మూసారాం అయింది, ముస్లింలకు మూసా రహీం అయింది. ఎవరి దేవుడి పేరు వాళ్లు అందులో విన్నారు. మాట తప్పుగా విన్నారని శాస్త్రం చెబుతుంది గానీ, ఆ తప్పులో ఉన్న అభిమానాన్ని కొలిచే పరికరం శాస్త్రం దగ్గర లేదు. లోకనిరుక్తిని అబద్ధమని కొట్టిపారేసే పండితులు ఇక్కడ తొందరపడతారు. మాట ఎలా పుట్టిందో చెప్పడానికి అది పనికిరాదు. పుట్టాక జనం దాన్ని ఎలా సొంతం చేసుకున్నారో చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం లేదు.

అన్ని పేర్లూ ఇంత తేలిగ్గా విప్పుకోవు. భాగ్యనగరం మీద వాదనలు ఎప్పుడూ వేడిగానే ఉంటాయి. భాగమతి పేరున వచ్చిందని ఒకరు, బాగ్ అంటే తోట కాబట్టి తోటల నగరమని ఇంకొకరు. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే "బాగ్‌నగర్" అని రాసిపెట్టాడు. తోట పక్షంవాళ్లు దాన్ని చూపిస్తారు. కానీ ఫ్రెంచివాడి చెవికి బ, భ తేడా తెలియదు, అతని లిపిలో రాయడానికి వేరే అక్షరమూ లేదు. ఆ రాత రెండు పక్షాలకూ సమానంగా పనికొస్తుంది, అంటే దేనికీ పనికిరాదు. హైదరాబాద్ అన్న పేరులో ఇలాంటి చిక్కు లేదు. హైదర్ అరబీలో సింహం, హజ్రత్ అలీకి బిరుదు. ఆబాద్ ఫార్సీలో జనంతో కళకళలాడే చోటు. మన పాత రెవెన్యూ కాగితాల్లో ఆబాదీ అని ఉండేది ఆ మాటే.

గచ్చిబౌలి ఇంకా సరదా అయిన చిక్కు. ఇవాళ గాజు మేడలు, ఫ్లైఓవర్లు. బౌలి అంటే దిగుడుబావి, అందులో అనుమానం లేదు. అది సంస్కృత వాపి నుంచి ఉర్దూ వైపు వచ్చిన రూపం. మన బావి కూడా అదే వాపి నుంచి తెలుగు వైపు వచ్చింది, తెలంగాణ పల్లెల్లో బాయి. మన సొంత మాట నుయ్యి. మరి ముందున్న గచ్చి? ఫార్సీలో గచ్ అంటే సున్నపు పూత, మన గచ్చు దానిదే. గచ్చు చేసిన బావి అన్నది ఎక్కువమంది ఒప్పుకునే అర్థం. రెండు ముక్కలూ ఉర్దూ దారిలో దొరికేవే కాబట్టి పొందిక కూడా కుదిరింది. కానీ గచ్చ చెట్టు కూడా ఉంది, గచ్చకాయలతో ఆడుకోని పిల్లలు ఒకప్పుడు లేరు. బావి పక్కన చెట్టు ఉంటే? రెండు ముక్కలూ ఒకే భాషవి కావాలన్న వాదన హైదరాబాద్‌లో నిలబడదు. ఉర్దూ పంజా తెలుగు గుట్టకు అతుక్కుని కనిపించే పంజాగుట్ట ఇక్కడే ఉంది. ఇలాంటప్పుడు బుర్ర ఎంత చించుకున్నా లాభం లేదు. పాత పటమో, ఇనాం కాగితమో, ఫార్సీ లిపిలో ఆ పేరు రాసిన ఫర్మానో కావాలి. తార్నాకలోని రాజ్యాభిలేఖాలయంలో మొగలాయీ, ఆసఫ్‌జాహీ కాలాల ఫార్సీ, ఉర్దూ కాగితాలు పెద్ద ఎత్తున ఉన్నాయి. వాటిని చదవాలంటే శికస్తా అనే ఫార్సీ గొలుసుకట్టు రాత చదవడం రావాలి, తెలుగు ఊరిపేర్లు ఆ లిపిలో ఎలా వంకర్లు తిరుగుతాయో తెలియాలి. తెలుగు వచ్చినవాళ్లకు ఫార్సీ రాదు, ఫార్సీ వచ్చినవాళ్లకు తెలుగు ధాతువులు పట్టవు. నగరపు పేర్ల మీద పుకార్లు ఇంతగా బతకడానికి అసలు కారణం ఇది.

మాట పుట్టుక తెలిసినవాళ్లలో కొందరికి వెంటనే చేతులు దురద పెడతాయి, పరాయి మాటల్ని ఏరి పారేద్దామని. జవాబు, ఖర్చు, వకీలు, వసూలు, రద్దు, అసలు, బాకీ, తయారు, హాజరు. ఇవి పోతే కోర్టూ నడవదు, కిరాణా కొట్టూ నడవదు. బొత్తాము, తువాలు పోర్చుగీసు కాబట్టి వద్దంటే చొక్కా విప్పి తడి ఒంటితో నిలబడాల్సిందే. బ్రౌన్ తన నిఘంటువు పనిలో ఇలాంటి మాటల్ని వదిలేయలేదు. కచేరీల్లో, బజార్లో వాడే అన్యదేశ్యాలకు విడిగా ఒక మిశ్రభాషా నిఘంటువే కూర్చాడు. పండితులు చిన్నచూపు చూసిన సరుకును గుమాస్తా బుద్ధితో లెక్క రాసిపెట్టడం వల్లే అప్పటి తెలుగు ఎలా మాట్లాడేవారో ఇవాళ తెలుస్తోంది. ఇచ్చిపుచ్చుకోవడం ఒకవైపే సాగలేదు కూడా. నీరు, మీను సంస్కృతానికి మన కుటుంబం ఇచ్చినవేనని ఎక్కువమంది భాషావేత్తలు ఒప్పుకుంటారు. ఇంగ్లీషు బ్యాండికూట్ మన పందికొక్కు. గోల్కొండ అన్న మాట ఇంగ్లీషు నిఘంటువుల్లో తరగని సంపదకు పర్యాయపదం.

రాసిపెట్టిన మాటలకు ఏదో ఒకనాడు ఎవరో ఒకరు వస్తారు. రాయని మాటల సంగతే బెంగ. హైదరాబాద్ నుంచి అప్పటి సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశం వేసింది. వ్యవసాయ పదాల సంపుటి 1962లో, చేనేత పదాల సంపుటి 1971లో వచ్చాయి. ఊరూరా తిరిగి నాగలిలో ఒక్కో భాగాన్ని, మగ్గంలో ఒక్కో కర్రను ఏ జిల్లాలో ఏమంటారో అడిగి రాసుకున్నారు. తర్వాత మరికొన్ని వృత్తులకూ ఆ పని సాగింది. ట్రాక్టరు, పవర్‌లూము వచ్చాక అందులో చాలా మాటలకు పలికేవాళ్లే కరువయ్యారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం సంపుటాలుగా వేసిన తెలుగు వ్యుత్పత్తి కోశం ఉంది, బరో-ఎమెనో పుస్తకం ఇంటర్నెట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. కానీ ఒక్కో మాట మొదట ఎక్కడ, ఏ ఏడాది కాగితంలోనో రాతిమీదో కనపడిందో, ఏ శతాబ్దంలో అర్థం ఎలా తిరిగిందో తేదీలతో చూపే పని తెలుగులో ఇంకా చాలా మిగిలే ఉంది.

నగరం శివార్లలోని కీసరగుట్టలో ఒక బండ మీద బ్రాహ్మీ లిపిలో చిన్న తెలుగు రాత ఉంది: "తొలుచువాన్ఱు". సుమారు 5వ శతాబ్దానిదని, విష్ణుకుండినుల నాటిదని చెబుతారు. రాయి తొలిచే పనివాళ్ల గురించిన మాట. రాజు పేరు లేదు, దానశాసనం కాదు. పనిచేసినవాళ్ల గుర్తు. ఇప్పటి ముద్రణలో లేని ఆ "న్ఱ" ఒక్కటే తెలుగు సర్వనామాల చరిత్రలో ఒక అధ్యాయానికి ఆధారం. "తొలుచు" మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది. గుట్ట కింద తలుపులు చేసే వడ్రంగి ఉలి పట్టుకుని రోజూ అనే మాటే.